మా అత్తగారి తుంటిలో అరుదైన స్క్రూ

మనిషన్నాక ఒంట్లో ఒక అరుదైన చిక్కు ఉండి తీరాలి! నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. మామూలు రోగిని ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటారండీ?

మా అత్తగారినే చూడండి. బట్టలు కుట్టి ఇల్లు నడిపిన మనిషి. బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే ఆపరేషన్ చేసి, లోపల రాడ్డు వేసి స్క్రూ బిగించారు. ఎముక అతుక్కున్నాక నిశ్చింతగా మిషన్ తొక్కుకోవచ్చన్నారు. ఆవిడ తొక్కబోయింది. తొడ పక్కన ఏదో కసుక్కున పొడిచింది.

"లోపల స్క్రూ కదులుతోంది డాక్టరుగారూ" అంది.

"అలా జరగడం చాలా అరుదమ్మా. భయం కొద్దీ మీకలా అనిపిస్తోంది. ఇంకాస్త ఎక్కువ నడవండి" అన్నాడాయన, ఎక్స్‌రే అయినా తీయించకుండా.

చూశారా, ఒక్క మాటతో వైద్యం అయిపోయింది! ఆవిడ బుద్ధిగా నడిచింది. నడిచినకొద్దీ స్క్రూగారు కూడా లోకం చూద్దామని బయల్దేరారు. ఎన్నిసార్లు వెళ్ళి మొత్తుకున్నా డాక్టరుది అదే పాట. చివరికి చర్మం కింద చొక్కా గుండీలా చేతికి తగిలాక గానీ ఎక్స్‌రే తీయలేదు.

ఇక చూడాలి ఆవిడ వైభోగం! మెడికల్ స్టూడెంట్లు గుంపులుగా వచ్చి, "కొంచెం పక్కకి తిరగండి మామ్మగారూ" అంటూ ఫొటోలు. పెళ్ళిలో కూడా ఆవిడకిన్ని ఫొటోలు తీయలేదు. స్క్రూ తీయడం మాత్రం వాయిదాల మీద వాయిదాలు. థియేటర్ ఖాళీ లేదట. పైగా పెద్ద ప్రొఫెసర్ గారు చూడకముందే తీసేస్తే ఎలా? నొప్పిదేముంది, ఓర్చుకోవచ్చు. సైన్సు ఆగుతుందా?

ఆవిడకి ఇవేమీ పట్టవు. "కాలు ఇలాగే ఉండిపోతే మిషన్ ఎవరికైనా ఇచ్చెయ్యాలేమో అల్లుడూ" అని ఏడుపు దిగమింగుకుంది.

ఆఖరికి ఆవిణ్ణి వీల్‌చైర్‌లో సెమినార్ హాలుకి తోసుకెళ్ళారు. ప్రొఫెసర్ గారు తెర మీద ఎక్స్‌రే చూపించి, ఇలాంటిది ఎంత అరుదో, దీన్ని చూడగలిగిన వాళ్ళెంత అదృష్టవంతులో వివరించారు. అందరూ చప్పట్లు కొట్టారు. మర్యాద కోసం ప్రొఫెసర్ గారు, "మీరేమైనా అడుగుతారా అమ్మా?" అన్నారు.

"ఒక్కటి బాబూ. నొప్పి అని వస్తే ఎక్స్‌రే తీయకుండా మీరు ఇంటికి పంపేసిన వాళ్ళని కూడా లెక్కలో కలుపుకునే అరుదంటున్నారా?"

ప్రొఫెసర్ గారు ముందు వరసలో కూర్చున్న మా డాక్టరు వైపు చూశారు. డాక్టరు తన బూట్ల వైపు చూసుకున్నాడు. అన్నాళ్ళూ ఖాళీ దొరకని ఆపరేషన్ థియేటర్, మహానుభావుల దయ, ఆ మధ్యాహ్నమే ఖాళీ అయిపోయింది!