పలకని నిమిషాల లెక్క

ఇంటర్నెట్ తెగిపోతోందని విసుక్కునేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. అయ్యలారా, అమ్మలారా, లైను బాగుచేసుకోవాలన్న పిచ్చి మీకింకా పోలేదా? బాగుచెయ్యడం పాతకాలపు పని. అందులో నిచ్చెన ఎక్కాలి, దుమ్ములో దొర్లాలి, మేకులు కొట్టాలి. నాగరికులు బాగుచెయ్యరు. కొలుస్తారు!

కొలిస్తే ఏమొస్తుందంటారా? కొలవడం చేతనైతే చాలు, పాడైన లైను కూడా బాగైపోతుంది. ఈ అద్భుతాన్ని నేను కళ్ళారా చూశాను. చేసినవాడు పరాయివాడు కాదు, మా చెల్లెలి మొగుడు. వయసులో నాకన్నా చిన్నవాడే అయినా బావగారనే పిలుస్తాను. ఆ మాత్రం మర్యాద ఇవ్వకపోతే మా ఇంట్లో వైఫై ఎవరు చూసిపెడతారు చెప్పండి?

మాట తడబడే పిల్లలకి వీడియోలో పాఠాలు చెప్పే సంస్థ ఒకటుంది. దానికి ఒక హెడ్డాఫీసు, ఆరు బ్రాంచీలు. పిల్లలు ఎవరింట్లో వాళ్ళు స్క్రీను ముందు కూర్చుంటారు. థెరపిస్టులు బ్రాంచీల్లో తమ తమ గదుల్లో కూర్చుంటారు. మాటలు మాత్రం హెడ్డాఫీసు సర్వర్ మీదుగా అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఆ హెడ్డాఫీసులో నెట్‌వర్క్ చూసేది మా బావ. నాలుగో బ్రాంచిలో, ఒక ఫర్నిచర్ షాపు పైనున్న మూడో అంతస్తులో, థెరపిస్టుగా పనిచేసేది మా చెల్లెలు.

ప్రతి బ్రాంచిలోనూ గోడకి అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి తగిలించారు. అది నిమిషానికోసారి హెడ్డాఫీసు సర్వర్‌ని పలకరించి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో, దారిలో ఎంత పోయిందో రాసి పంపుతుంది. ఆ రాతలన్నీ ఎక్కడో దూరాన ఒక కంపెనీ దాచిపెడుతుంది. వాటిని అడిగి తెచ్చుకోవడానికి ఆ కంపెనీయే జావాస్క్రిప్ట్‌లో ఒక లైబ్రరీ ఇచ్చింది. పుస్తకాల లైబ్రరీ కాదు లెండి, ఎవరో ముందే రాసిపెట్టిన కోడు. దాన్ని మన ప్రోగ్రాంలోకి తెచ్చుకుని, మనకిచ్చిన రహస్యపు కీ చూపించి, ఫలానా బ్రాంచిది, ఈ తేదీ నుంచి ఆ తేదీ దాకా, నిమిషం నిమిషం చెప్పమంటే చెబుతుంది. వెంటనే చెప్పదు. ముందు చెబుతానని మాటిస్తుంది. దాన్ని ప్రామిస్ అంటారట. ఆఫీసుల్లో జుట్టు నెరిసినవాళ్ళకి ఇదేమంత కొత్త సంగతి కాదు.

మా బావ పన్నెండు రోజులు తల వంచుకుని కూర్చుని, ఆ లైబ్రరీతో ఆరు బ్రాంచీల లెక్కా లాగి, మేనేజరు గారి గదిలో తలుపంత టీవీ మీద గ్రాఫులు పారించాడు. మేనేజరు గారు చూసి మొహం చిట్లించారు. గీత నడిచి నడిచి మధ్యమధ్యలో తెగిపోతోంది. ఇదేమిటి పళ్ళూడిన నోరులా, పైవాళ్ళు వచ్చి చూస్తే ఏం బాగుంటుంది, అన్నారు. ఆ ఖాళీలు ఎందుకున్నాయని మాత్రం అడగలేదు. డబ్బా ఏ కబురూ పంపని నిమిషాలు అవి, తీసేస్తే పోతుంది అని మా బావే భరోసా ఇచ్చాడు.

సీటు దగ్గరికి వచ్చి కోడులో ఒకే ఒక్క వరస కలిపాడు. వచ్చినవాటిలో ఖాళీవి వదిలెయ్యమని దాని అర్థం. తెగిన గీతలన్నీ అతుక్కుని, టీవీ ఆ మూల నుంచి ఈ మూల దాకా పచ్చగా నిండిపోయింది. కింద పెద్దక్షరాల్లో తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది ఏడు శాతం అని వెలిగింది. మేనేజరు గారి మొహం చేటంతయింది. మా బావకి ఒక గాజు షీల్డు ఇచ్చి ఫోటో తీయించారు. ఆ షీల్డు ఇప్పటికీ వాళ్ళింట్లో టీవీ పక్కనే ఉంది.

ఇందులో గొప్పతనం మీ తలకెక్కినట్టు లేదు. నెమ్మదిగా చెబుతాను. డబ్బా తన కబురు పంపాల్సింది ఏ లైను మీద? ఆ లైను మీదే! లైను బాగుంటే బాగుందని కబురొస్తుంది. లైను తెగితే ఏ కబురూ రాదు. రానిదాన్ని లెక్కలోంచి తీసేస్తే మిగిలేవన్నీ శుభవార్తలే కదా!

ఇంత చక్కటి సూత్రాన్ని ఒక్క నెట్‌వర్క్‌కే పరిమితం చెయ్యడం అన్యాయం. పరీక్షల్లో పిల్లవాడు రాసిన జవాబులకే మార్కులు వేసి, రాయని ప్రశ్నలు ప్రశ్నలే కావనుకోండి, దేశంలో తెలివితక్కువవాడు దొరుకుతాడా? బస్సు టైముకి వస్తోందా లేదా అన్నది ఆ బస్సు ఎక్కి కూర్చున్నవాళ్ళనే అడగండి. ఆస్పత్రి ఎలా ఉందో అందులోంచి తన కాళ్ళతో నడిచి బయటికొచ్చినవాళ్ళనే అడగండి. మా ఇంట్లో నా వంట ఎలా ఉందో రెండోసారి వడ్డించుకున్నవాళ్ళనే అడుగుతాను. ఇప్పటివరకూ వడ్డించుకున్నది నేనొక్కణ్ణే కాబట్టి నూటికి నూరు మార్కులు వచ్చాయి.

అయితే ఏ మహత్కార్యానికైనా అడ్డుపుల్ల వేసేవాళ్ళు ఇంట్లోనే పుడతారు. మా చెల్లెలి సంగతే చూడండి.

ఆవిడ దగ్గరికి ఎనిమిదేళ్ళ పాప ఒకతె వస్తుంది, అంటే స్క్రీను మీదికి వస్తుంది. చెల్లెలు ఆ పాపని చిలకమ్మా అని పిలుస్తుంది. చిలకమ్మకి మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేస్తుంది. అందరూ ఆ మాట తామే అందించేస్తారు, మొహమాటపడి తల తిప్పేసుకుంటారు. మా చెల్లెలు చేసే పనల్లా కళ్ళలోకి చూస్తూ, తొందరపెట్టకుండా కూర్చోవడం. నిమిషమైనా సరే, రెండైనా సరే. బయటివాళ్ళు చూస్తే ఈవిడ జీతం తీసుకుని ఊరికే కూర్చుంటోంది అనుకుంటారు. చిలకమ్మ తన పేరు తానే పూర్తిగా చెప్పుకోవాలన్నది వాళ్ళిద్దరి పంతం. పేరులో సగం దాకా వచ్చింది.

సరిగ్గా ఆ సగం దగ్గర స్క్రీను బిగుసుకుపోయేది. పాపకి కనబడేది కళ్ళు సగం మూసి నోరు వంకరగా ఆగిపోయిన టీచరు బొమ్మ. ఆ తర్వాత అదీ ఉండేది కాదు. మళ్ళీ కలిసేసరికి పాప నోరు బిగించుకుని నేల చూస్తూ ఉండేది.

బ్రాంచిలో దీనికి ఫిర్యాదు ఫారం ఉంది, అదీ ఆన్‌లైన్‌లోనే. లైను తెగినప్పుడు అది తెరుచుకోదు. లైను వచ్చాక తెరుచుకుని, ప్రస్తుతం సమస్య ఉందా అని అడుగుతుంది. మా చెల్లెలికి అబద్ధాలాడే అలవాటు లేదు. లేదని కొడుతుంది. ధన్యవాదాలు చెప్పి మూసుకుపోతుంది. ఇంటికొచ్చి మొగుడికి చెబితే, మీ బ్రాంచి పచ్చగా ఉంది, నీ ల్యాప్‌టాప్ ఓసారి చూపించు, అనేవాడు. మూడు నెలల్లో ఆ ల్యాప్‌టాప్‌ని పదకొండుసార్లు చూశాడు.

చివరికి చిలకమ్మ తల్లి హెడ్డాఫీసుకి ఉత్తరం రాసింది. పాప మాట్లాడబోతుంటే టీచరు మధ్యలో కట్ చేసి వెళ్ళిపోతోంది, పాప ఇప్పుడు ఇంట్లో కూడా నోరు విప్పడం లేదు, అని. ఆ తల్లిని తప్పుపట్టలేం. ఆవిడ చూసింది ఆవిడ రాసింది. మేనేజరు గారు టీవీ వైపు చూశారు, పచ్చగా ఉంది. మా చెల్లెలికి మెమో వెళ్ళింది. 'నెట్‌వర్క్ 99.97 శాతం సవ్యంగా ఉన్నందున కాల్స్ మీరే ఆపుతున్నట్టు భావించవలసి వస్తోంది. వారం రోజుల్లో వివరణ ఇవ్వగలరు. లేనిచో వీడియో పాఠాల నుంచి తప్పించబడుదురు.'

ఆ కాగితాన్ని చెల్లెలు వారమంతా బ్యాగులోనే మోసి, శనివారం ఇంటికి తెచ్చి షీల్డు పక్కన పెట్టింది. మా బావ చదివాడు. అంకె దగ్గరికి వచ్చేసరికి ఆగి, పక్కనున్న షీల్డు వైపు చూశాడు. ఆ అంకె తనదే.

ఆ సాయంత్రం ఆవిడ ఏడవలేదు, అరవలేదు. అడిగినదానికి ఊఁ అనడం కూడా మానేసింది. రెండో రోజు పొద్దున్న మా బావ ఇక ఉండబట్టలేక, ఏమీ అనకపోతే నాకెలా తెలుస్తుంది అన్నాడు.

"మాట రాకపోవడం కూడా చెప్పడమేనండీ" అంది చెల్లెలు. "నా ఉద్యోగమంతా అదే. రాని మాట కోసం కూర్చుంటాను. మీరేమో రానిదాన్ని తీసేస్తారు."

ఆవిడ పిల్లల గురించే అంది. మా బావ మాత్రం లేచి, తిన్నగా వెళ్ళి కంప్యూటర్ తెరిచాడు. ఆదివారం, ఉదయం పది గంటలు. ఆ ఒక్క వరసా తీసేసి, నాలుగో బ్రాంచి గురించి లైబ్రరీని మళ్ళీ అడిగాడు. ఈసారి ఎంత బాగుందని కాదు, ఎన్ని నిమిషాలు పలికావని అడిగాడు. రోజుకి ఎనిమిది గంటల పని, నాలుగు వందల ఎనభై నిమిషాలు. అందులో సగటున నూట ముప్ఫై ఒక నిమిషాలు డబ్బా నోరే విప్పలేదు. పలికింది డెబ్బై రెండు శాతం పైచిలుకు మాత్రమే. ఆ లెక్కని కాగితం మీద ప్రింటు తీసుకున్నాడు.

మర్నాడు నాలుగో బ్రాంచికి వెళ్ళి, వైరు పట్టుకుని మెట్లు దిగుతూ పోతే అది ఫర్నిచర్ షాపు సామాన్ల లిఫ్టు గోతిలోకి దూరింది. అక్కడ స్టూలు వేసుకుని లిఫ్టాయన కూర్చున్నాడు. నెట్టు గురించా బాబూ అని ఆయనే పలకరించాడు.

"బీరువా పైకెళ్ళినప్పుడల్లా పోతుంది" అన్నాడు లిఫ్టాయన. "కుర్చీలకి పోదు. బీరువా అయితే లిఫ్టు ఒక పక్కకి ఒరిగి వైరుని నొక్కేస్తుంది. ఏడాది బట్టి చూస్తున్నా. నన్నెవరూ అడగలేదు."

చూశారా? జావాస్క్రిప్ట్ లేదు, కీ లేదు, ప్రామిస్ అసలే లేదు. ఇలాంటివాళ్ళ వల్లే దేశం వెనకబడిపోతోంది! వైరు తీసి మెట్ల గోడ మీదుగా వేస్తే అరపూట పని. కానీ దానికి పై అనుమతి కావాలి. మా బావ అది సంపాదించడానికి హెడ్డాఫీసుకి పరుగెత్తాడు.

మేనేజరు గారు శ్రద్ధగా విన్నారు. తప్పు తనదేనని, ఖాళీలు తీసేసింది తానేనని, నూట ముప్ఫై ఒక నిమిషాల కాగితం బల్ల మీద పెట్టి మా బావ నీళ్ళు నమలకుండా చెప్పాడు. వైరు మార్పించాలన్నాడు, మెమో వెనక్కి తీసుకోవాలన్నాడు.

మేనేజరు గారు వెంటనే నిర్ణయం తీసుకున్నారు. ఆ ఒక్క బ్రాంచి డబ్బా వల్ల సంస్థకే చెడ్డపేరు వచ్చేలా ఉంది కాబట్టి డబ్బాని పీకించెయ్యమన్నారు. ఇక మెమో సంగతంటారా, గడువు నిన్నటితో అయిపోయింది, ఆవిడ వివరణ ఆఫీసుకి అందలేదు, అందలేదంటే తప్పు ఒప్పుకున్నట్టే, అని ఫైలు చూపించారు. వివరణ శుక్రవారమే ఆన్‌లైన్‌లో పంపింది మా చెల్లెలు, పదకొండుంపావుకి. ఆ సమయంలో అద్దం తలుపుల బీరువా ఒకటి నాలుగో అంతస్తుకి వెళ్ళిందని లిఫ్టాయన తర్వాత చెప్పాడు.

మా బావ నెమ్మదస్తుడు. షీల్డు ఇచ్చినప్పుడు కూడా గొంతెత్తి మాట్లాడలేదు. ఆరోజు మాత్రం నిలబడే అడిగాడు.

"డబ్బా పలకకపోతే అంతా బాగున్నట్టు. మనిషి పలకకపోతే తప్పు చేసినట్టు. ఇదెక్కడి లెక్కండీ?"

అడిగి, పెళ్ళాం దగ్గర నేర్చుకున్నట్టున్నాడు, ఆయన కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. తొందరపెట్టలేదు. మేనేజరు గారు కాగితాలు సర్దారు. కళ్ళజోడు తుడిచారు. టీవీ వైపు చూశారు. పూర్తిగా ఒక నిమిషం గడిచింది. ఆయన పలకలేదు. పలకలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని మా బావ సంతోషంగా ఇంటికొచ్చాడు. ఆ సూత్రం కిందివాళ్ళు వాడుకోవడానికి కాదని రెండు రోజులకి గానీ అర్థం కాలేదు.

ప్రస్తుతం పరిస్థితి చాలా బాగుంది. నాలుగో బ్రాంచి డబ్బా పీకేశారు, సంస్థ నెట్‌వర్క్ నూటికి నూరు శాతం. బీరువాలు క్షేమంగా పైకి వెళుతున్నాయి. మా చెల్లెలు కింది గదిలో పాత ఫైళ్ళకి నంబర్లు వేస్తోంది. చిలకమ్మకి కొత్త టీచరుని ఇచ్చారు. ఆ టీచరు చాలా చురుకైన మనిషి. పాపకి మాట అడ్డుపడితే క్షణం ఆలస్యం చెయ్యకుండా తనే అందించేస్తుంది. నెలాఖరు రిపోర్టు మా బావ నాకు చూపించాడు. చిలకమ్మ పేరుకి ఎదురుగా ఇలా ఉంది: 'పాప చక్కగా సహకరిస్తోంది. ఏ ఇబ్బందీ చెప్పలేదు.' పక్కన పచ్చ చుక్క పెట్టారు.

ఆ చుక్క చూశాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. నూటికి నూరు మార్కుల వంటే అయినా.

ఈ వ్యాసం మీద పాఠకుల ఉత్తరాలు రాకపోతే అందరికీ నచ్చినట్టే రాసుకుందామని మా ఎడిటర్ గారు అన్నారు. చక్కటి ఉపాయం అనుకుని ఆ మాటే చెల్లెలికి చెప్పాను. ఫైళ్ళ దుమ్ము చేతులు కడుక్కుంటూ వింది. కుళాయి కట్టేసింది.

"రాయనివాళ్ళని వెళ్ళి అడుగు అన్నయ్యా" అంది. "అడిగి, కాసేపు కూర్చో."