మాస్టారు వేసిన కత్తెర

బడి మొత్తానికి ఒకే ఒక్క కంప్యూటరు ఉన్న రోజులవి. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని ఆ గదిలోకి వెళ్లేవారు. తెరమీద ఒక్క అక్షరం పడితే చాలు, పిల్లలంతా ఊపిరి బిగబట్టి చూసేవారు. దాని ఆలనాపాలనా డ్రాయింగు మాస్టారిది.

ఆ ఉదయం తనిఖీ అధికారి వస్తున్నారు. పిల్లలకేమీ రాదని తేలితే కంప్యూటరును పెద్ద బడికి తరలించేస్తారు. అందుకని, బట్టలు కుట్టే తన తల్లి గురించి ఏడో తరగతి పిల్ల టైపు చేసిన వ్యాసం చూపిద్దామని మాస్టారి ఆలోచన. వ్యాసం బాగానే ఉంది గానీ, అందులో 'అమ్మ' అన్న మాట ఆయనకు మరీ చప్పగా తోచింది. 'అమ్మ' ఉన్న చోటల్లా 'మాతృమూర్తి' అని మార్చమని కంప్యూటరుకు పురమాయించి, అచ్చు తీసి, మళ్లీ చదవకుండానే గోడకు అంటించేశారు.

అధికారి కళ్లద్దాలు సర్దుకుని పైకే చదివారు. "మా మాతృమూర్తిమ్మ కూడా కుట్టేది. మా కొట్టు ముందు బోర్డు ఉంది. ఇక్కడ గౌన్లు మాతృమూర్తిబడును." ఆగారు. "ఇదేమిటండీ?"

మాస్టారు గబుక్కున అందుకున్నారు. "కంప్యూటరు పదమండి," అన్నారు.

"ఈమధ్యే వచ్చిందండి," అని హెడ్మిస్ట్రెస్ గారు వంత పాడారు.

తెలియదంటే చిన్నతనమనుకున్నారేమో, అధికారి తల పంకించి ఆ పదాన్ని పుస్తకంలో రాసుకున్నారు. "అన్ని బళ్లకూ పంపిద్దాం."

ఇంతలో, కూతురి రాత చూద్దామని వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయిన తల్లి ముందుకొచ్చి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "నా గౌన్లకేమైందే?"

పిల్ల కాగితం వంక ఓ క్షణం చూసింది. "నువ్వు బట్ట కోసేముందు సుద్దతో గీత గీసుకుంటావు కదమ్మా. మాస్టారు గీత లేకుండానే కత్తెర వేసేశారు. 'అమ్మబడును'లో కూడా అమ్మ ఉంది కదా, అదీ తెగిపోయింది."

"అయితే కుట్టు విప్పెయ్," అంది తల్లి, అదేం పెద్ద పని అన్నట్టు.

పిల్ల కంప్యూటరు ముందు కూర్చుని 'మాతృమూర్తి'ని తిరిగి 'అమ్మ'ను చేసింది. గౌన్లు మళ్లీ అమ్మబడ్డాయి. ఆ బడిలో తల్లి నోరు విప్పడం ఆ రోజే మొదలు. అధికారి చడీచప్పుడు లేకుండా తన పుస్తకంలో ఓ మాట కొట్టేశారు.

ఆనాడు అధికారి రాసిన నివేదిక నకలును మాస్టారు రిటైరయ్యాక కూడా భద్రంగా దాచుకున్నారు. అప్పుడప్పుడూ తీసి చదువుకుని నవ్వుకుంటారు. "కంప్యూటరును ఈ బడిలోనే ఉంచవచ్చును. మాస్టారి విషయము పరిశీలనలో ఉన్నది."