ఆరో తరం స్లాటు

“‘దూరిందంటే పనిచేసినట్టే’ అని నువ్వే కదయ్యా చెప్పావు! ఇదిగో, దూరింది. మరి పనిచెయ్యదేం?” అని చెవులు రెండూ నిక్కబొడుచుకుని నిలదీసింది కుందేలు చిట్టెమ్మ.

“నేనన్నది మూడో తరం కార్డు సంగతి,” అన్నాడు ముంగిస సూరప్పడు, మీసం దువ్వుకుంటూ. “ఇప్పుడు నడిచేది నాలుగో తరం. ఇందులో దూరడం వేరు, పనిచెయ్యడం వేరు. స్టాండర్డులోనే రాశాం.”

“ఆ రాసిందేదో దూరకముందే చెప్పొచ్చుగా!”

“దూరకపోతే నువ్వు అడగవు కదమ్మా.”

ఈ గొడవ జరిగిన అడవి చాలా పెద్దది. అందులో పనులు చిన్నవే గానీ, ప్రతి పనికీ ఓ పెద్ద కమిటీ ఉండేది.

అంతకుముందు అడవి జ్ఞాపకాలన్నీ ఏనుగు గౌరమ్మ బుర్రలో ఉండేవి. ఏ గుంటలో నీళ్లున్నాయి, ఏ గుహ ఎవరిది, అన్నీ ఆవిడకే తెలుసు. ఏదన్నా అడిగితే ఒళ్లంతా ఓసారి తిప్పి, గుర్రుమని, పొద్దుగూకేలోపు చెప్పేది. అలా ఉండగా ఘాట్ రోడ్డు మీద ఓ లారీ పల్టీ కొట్టి, అందులోని కంప్యూటర్లు అడవిలోకి దొర్లాయి. వాటితోపాటు బొటనవేలంత కార్డులు. పల్చగా ఉంటాయి, లోపల తిరిగేదేమీ లేదు, చప్పుడు లేదు. కానీ అడవి మొత్తం జ్ఞాపకం ఒక్క కార్డులో పడుతుంది.

పెద్దలంతా మురిసిపోయి గౌరమ్మ చెప్పిందంతా కార్డులోకి ఎక్కించారు. “ఇంక నీకెందుకమ్మా ఆ బరువు, విశ్రాంతి తీసుకో,” అని ఆవిడకి ఓ అరటిగెల ఇచ్చి పంపేశారు.

ఒకటే చిక్కు. కార్డు అంచున చిన్న గంటు ఉంటుంది. కంప్యూటరు పెట్టెలో కార్డు దూర్చే సందు, అంటే స్లాటు, ఆ గంటుకి సరిపోతేనే కార్డు అందులో కూర్చుంటుంది. ఆ గంటు ఎక్కడుండాలో తేల్చమని అడవిదున్న పోలినాయుడు, ఆయనే సభాధ్యక్షుడు, ఓ కమిటీ వేసి సూరప్పణ్ణి సెక్రటరీని చేశాడు. తాత్కాలికంగానే. గంటు ఖరారయ్యేదాకా.

అసలు తిరకాసంతా అక్కడే ఉంది. గంటు ఖరారైతే సూరప్పడు మళ్లీ పాముల వెంట పరిగెత్తాలి. కుర్చీ అలవాటైన నడుముకి ఆ పరుగు పడుతుందా? అందుకని గంటు ఎప్పటికీ ఖరారు కాకుండా చూసుకున్నాడు.

ప్రతి ఎండాకాలం సభలో లేచేవాడు. “అధ్యక్షా, తరం మారింది. వేగం రెట్టింపు!”

“రెట్టింపంటే ఏంటి సూరప్పా?”

“ఇదివరకు తమరు రెప్ప వేసి తెరిచేలోపు పటం వచ్చేది. ఇప్పుడు రెప్ప సగం వేసేలోపే వచ్చేస్తుంది.”

“బ్రహ్మాండం!” అనేవాడు పోలినాయుడు. ఆ వచ్చిన పటాన్ని చదవడానికి ఆయనకి రెండు పూటలు పట్టేది. అది కమిటీ పరిధిలోకి రాదు.

తరం మారినప్పుడల్లా పాత స్లాట్ల పక్కన కొత్తవి బిగించే పని వడ్రంగిపిట్ట ముక్కేశానిది. అతను సూరప్పడి బావమరిది అని ఊరికే పుకారు పుట్టించారు గానీ, నిజంగానే బావమరిది వరస.

ఐదో తరం వచ్చాక సూరప్పడు ఇంకో మెట్టెక్కాడు. “పాతా కొత్తా కలిస్తే గందరగోళం. పాత స్లాట్లు ఒక్కటి కూడా మిగలకూడదు.” సభ చప్పట్లు కొట్టింది. ముక్కేశం ఇంటింటికీ తిరిగి పీకేశాడు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగు ఎండింది, చెలమలు ఎండాయి. కొండ వెనకాల ఎప్పటికీ ఎండని గుంట ఒకటుందని అందరూ విన్నారు. దారి మాత్రం మూడో తరం కార్డులో ఉంది.

“కొత్త కార్డులోకి ఎక్కించలేదా?” అని గుడ్లురిమాడు పోలినాయుడు.

“సబ్ కమిటీ వేశామండి. మొదటి సమావేశానికే కోరం లేదు.”

అందరూ గౌరమ్మ దగ్గరికి పరిగెత్తారు. ఆవిడ మామిడిచెట్టు కింద చెవులు విసురుకుంటోంది.

“దారా? బరువు దించుకోమన్నారుగా నాయనా, దించేశాను. ఎంత హాయిగా ఉందో! మొన్న మా చెల్లెలొస్తే ‘ఎవరమ్మా నువ్వు’ అన్నాను.”

సూరప్పడు ఇంటిదారి పట్టాడు. ఇంటికొచ్చేసరికి పిల్లలు నీళ్లకోసం ఏడుస్తున్నారు. వాళ్లని ఊరుకోబెట్టడానికి పెళ్లాం ఎర్రాయమ్మ పాట పెట్టింది. ఆ పాట వచ్చేది మంచం కింద పెట్టెలోంచి. ఆ పెట్టెలో ఉన్నది మూడో తరం స్లాటు.

అడవంతా పీకించిన మనిషి ఇంట్లో అదొక్కటీ మిగిలింది. “అందులో మా అమ్మ పాటలున్నాయి. దాన్ని ముట్టుకుంటే నీ మీసం పీకుతాను,” అని ఎర్రాయమ్మ అప్పుడే తేల్చి చెప్పింది మరి.

ఇప్పుడు ఆవిడే ఆ స్లాటు ఊడబెరికి అతని ఒళ్లో పడేసింది. “పట్టుకుపో. దారి చూసి రా.”

“తీసుకెళ్తే సెక్రటరీ ఇంట్లోనే పాతది నడుస్తోందని తెలిసిపోదూ? కుర్చీ పోతుందే!”

“ఆ కుర్చీ పిండు, నీళ్లొస్తాయేమో చూద్దాం.”

పిల్లల వైపు చూశాడు. చిన్నదాని నాలుక బయటికొచ్చేసింది. లేచాడు. గుమ్మం దాటాక మాత్రం ఆగి, ఎర్రమట్టిలో ఉమ్ము కలిపి స్లాటుకి దట్టంగా రంగు పట్టించాడు.

“అధ్యక్షా!” అని సభలోకి దూకాడు. “ఆరో తరం!”

“దీని గొప్పేంటి?”

“ఇది పాత కార్డుల్ని కూడా చదువుతుంది.”

సభంతా నోరెళ్లబెట్టింది. చిట్టెమ్మ దగ్గరికొచ్చి వాసన చూసింది. “అచ్చం మా ఇంట్లో పీకేసిన దానిలాగే ఉందేంటి?”

“పోలిక ఉంటుందమ్మా. అభివృద్ధి అంటే మరి అదే.”

కార్డు పెట్టారు. కూర్చుంది. పటం తెరుచుకుంది. పోలినాయుడు చదవడానికి కళ్లు నులుముకునేలోపే చిట్టెమ్మ చూసేసి కొండ వైపు పరుగందుకుంది. అడవంతా ఆమె వెనకాలే. అందరూ కడుపునిండా తాగారు. సూరప్పడి పిల్లలు గుంటలో దిగి మరీ తాగారు.

మూతులు తడారకముందే అక్కడే గట్టు మీద సభ పెట్టారు. మొదటి అంశం: సూరప్పణ్ణి శాశ్వత సెక్రటరీని చెయ్యడం. ముక్కేశం ప్రతిపాదించాడు, అందరూ ఒప్పుకున్నారు. ఆర్డరు కార్డులోకి ఎక్కింది. రెండో అంశం: ఆరో తరాన్ని ఆమోదించి, ఐదో తరం స్లాట్లన్నీ పీకెయ్యడం. అదీ ఒప్పుకున్నారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది సూరప్పడే.

వారం తిరగకుండా ముక్కేశం పీకడం ముగించాడు. సూరప్పడు కొత్త కండువా వేసుకుని కుర్చీ దగ్గరికెళ్లాడు.

“ఆర్డరు చూపించు సూరప్పా,” అన్నాడు పోలినాయుడు.

చూపించబోయాడు. కార్డు స్లాటులో దూరలేదు. తిప్పి పెట్టాడు. దూరలేదు. మొదటి అంశం నాటికి రెండో అంశం ఇంకా పాస్ కాలేదు కదా! ఆర్డరు ఎక్కింది ఐదో తరం కార్డులో; రంగు కింద ఉన్నదేమో మూడో తరం స్లాటు.

“ఐదో తరం స్లాటు ఒక్కటన్నా లేదా?” అన్నాడు సూరప్పడు.

“ఒక్కటి కూడా మిగల్లేదు బావా,” అన్నాడు ముక్కేశం గర్వంగా.

“అయ్యో! మరి అప్పుడు నన్ను శాశ్వత సెక్రటరీని చేసిన సంగతి తమరికి గుర్తుంది కదా అధ్యక్షా? అందరూ చూశారు కదా?”

“చూశాం గాని, గుర్తుపెట్టుకోవడం మానేశాం కదయ్యా,” అన్నాడు పోలినాయుడు. “ఏం చేద్దాం, కమిటీ వేద్దాం. తాత్కాలిక సెక్రటరీ కావాలి. నువ్వూ అడగొచ్చు. ముక్కేశం పొద్దున్నే అడిగేశాడు.”

ఇందులో నీతి ఏంటంటే, పాతదాన్ని ఎప్పుడూ పారెయ్యకూడదు, రంగేసి ఉంచుకోవాలి. ఇంతకీ మీ సొరుగులో మూలనపడ్డ వైర్లకి మీరు ఏ రంగు వేద్దామనుకుంటున్నారు?