కుర్చీలు మోసే జట్టు

ఒక పెద్ద అడవిలో సింహాలూ పులులూ కూడా ఉన్నాయి గానీ, మన కథకు వాటితో పని లేదు. అవి పెద్ద పెద్ద పదవుల్లో ఉన్నాయి. మనకు కావలసింది ఆ అడవి చివర, వాగు పక్కన ఉన్న డిగ్రీ కాలేజీ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ కాలేజీ వెనక ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టు.

కోర్టు అనగానే గొప్పగా ఊహించుకోకండి. ఒక స్తంభం పక్కకు వాలి ఉంటుంది. రెండు రింగులకూ వలలు లేవు. గిజిగాళ్ళు పీక్కుపోయి గూళ్ళు అల్లుకున్నాయి. సిమెంటు పగిలిన చోటల్లా గరిక మొలిచింది. అయినా ముంగిస నాగరత్నానికి ఆ కోర్టంటే ప్రాణం.

ముంగిస పిల్లకు నాగరత్నం అని పేరు పెట్టిన తల్లిదండ్రుల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. ఆ ధైర్యం పిల్లకూ వచ్చింది. బొరియలో పెరిగిన పిల్ల, ఇంటి దగ్గర తల ఎత్తితే నెత్తికి మట్టి తగిలేది. తలెత్తి పైకి చూసి ఆడే ఆట ఒకటుందని కాలేజీకి వచ్చాకే తెలిసింది. ఆ రోజు నుంచి ఆ ఆటను వదల్లేదు. ఇప్పుడు ఫైనలియర్, జట్టుకు కెప్టెన్. ఈ మూడేళ్ళలో ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

జట్టులో మిగతావాళ్ళు నలుగురు. ఎనిమిదేళ్ళుగా అదే డిగ్రీ చదువుతున్న తాబేలు కూర్మారావు, ఒక ముళ్ళపంది, ఒక ఉడుత, ఒక కప్ప. ఐదుగురినీ ఒకరి మీద ఒకరిని నిలబెట్టినా రింగు అందదు. పొడుగ్గా ఉన్న ఒంటె ఒకటి ఉండేది గానీ, అది రెండో ఏడాదిలోనే టీసీ తీసుకుని కొండమీది కాలేజీకి వెళ్ళిపోయింది.

వీళ్ళకు ఆట నేర్పే పీడీ గారు కొంగ. ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని నిలబడేవారు. అది ధ్యానమో నిద్రో అడిగే సాహసం ఎవరూ చేయలేదు. ఆయన నేర్పిన విద్య అంతా కలిపి ఒక్క మాట: "మోకాళ్ళు వంచండి, చూపు పైన పెట్టండి." ఆయన మోకాళ్ళు వెనక్కి వంగుతాయి కాబట్టి ఆ విద్యను చూసి నేర్చుకోవడం కుదరదు, విని నేర్చుకోవాల్సిందే.

ఇక ప్రిన్సిపాల్ ఎలుగుబంటి భల్లూకేశ్వరరావు గారు. ఒంటినిండా దేవుడిచ్చిన ఊలు ఉన్నా ఆయనకు శాలువా అంటే చెప్పలేనంత మోజు. శాలువా కావాలంటే సభ కావాలి కదా, అందుకని వారానికి రెండు సభలు పెట్టేవారు. వాగుకు కొత్తనీరు వస్తే అభినందన సభ. వాగు ఎండితే సంతాప సభ. అన్ని సభలూ బాస్కెట్‌బాల్ కోర్టులోనే. వాలిన స్తంభం కింద, రింగు ముందు, వేదిక. వేదికకు ఎదురుగా నాలుగు వందల ప్లాస్టిక్ కుర్చీలు.

ఆ కుర్చీలు వేసేదీ, తీసేదీ జట్టే. "ఆటగాళ్ళు కదా, ఒళ్ళు వంగుతుంది" అనేవారు ప్రిన్సిపాల్ గారు. సభకు జనం చాలకపోతే ముందు వరుసలో నిలబెట్టేదీ జట్టునే.

కష్టమంతా ముఖ్య అతిథి దగ్గర వచ్చేది. అడవి క్రీడాభివృద్ధి సంఘం చైర్మన్ జిరాఫీ దీర్ఘకంఠం గారు లేకుండా అక్కడ ఏ సభా జరగదు. ఆయన మెడలో దండ వేయడం ఎలా? ఒకసారి ప్రిన్సిపాల్ గారే స్వయంగా నిచ్చెన ఎక్కారు. నిచ్చెన విరిగింది. మూడు వారాలు నడుముకు కట్టుతో తిరిగి, ఆ పని కూడా నాగరత్నానికి అప్పగించారు.

నాగరత్నం వేదిక అంచున నిలబడి మోకాళ్ళు వంచేది, చూపు పైన పెట్టేది, దండను గాల్లోకి విసిరేది. అది పైకి లేచి, చైర్మన్ గారి కొమ్ములు దాటి దిగేది. దండ గాల్లోకి లేవగానే ఆయన అలవాటుగా మెడ వంచి, ఫోటోలు తీసే కోతి వైపు తిరిగి నవ్వేవారు. పక్కన ఎప్పుడూ ఆయన మేనల్లుడు ఉండేవాడు. కొండమీది కాలేజీలో చదువు, బాస్కెట్‌బాల్ జట్టులో చోటు. రెండో దండ అతనిది. అతనూ అంతే, దండ లేవగానే మెడ వంచి నవ్వేవాడు. ఇంటి అలవాటు మరి.

ఇలా ఉండగా ఒకరోజు పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ఈ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా గెలవని కాలేజీ, తన ఆటస్థలాన్ని వేరే పనికి వాడుకోవచ్చు.

ప్రిన్సిపాల్ గారు దాన్ని మూడుసార్లు చదువుకుని, నాగరత్నాన్ని పిలిపించారు.

"రామ్మా నాగరత్నం, కూర్చో" అన్నారు. గదిలో కుర్చీ లేదు. అన్నీ కోర్టులో ఉన్నాయి.

"పర్లేదు సార్."

"ఈ ఏటితో మన కోర్టులో శాశ్వత సన్మాన వేదిక కట్టేద్దామనుకుంటున్నా. రాతి స్తంభాలు, పైన కప్పు. ప్రతిసారీ కుర్చీలు మోసే బాధ మీకూ తప్పుతుంది."

"మరి మేం ఎక్కడ ఆడాలి సార్?"

"ఆడటం ఎందుకమ్మా? చూడొచ్చుగా."

"ఒక్క మ్యాచ్ గెలిస్తే కోర్టు ఉంటుందని రాశారట కదా సార్?"

"ఉంటుంది, ఎందుకుండదు! రూలు రూలే. గెలవండి, నేను వద్దన్నానా?" అని ఆయన ఎదురుగా ఉన్న పళ్ళెంలోంచి తేనెపట్టు ముక్క తీసుకున్నారు. "అన్నట్టు, సాయంత్రం సభ ఉంది. కుర్చీలు వేయించు."

ఆరు మ్యాచ్‌లు. ఒక్కటి గెలిస్తే చాలు.

మొదటి మ్యాచ్ పోయింది. వాళ్ళకు యాభై ఎనిమిది, మనకు రెండు. ఆ రెండు పాయింట్లు కూడా అవతలివాళ్ళు పొరపాటున తమ రింగులోనే వేసుకున్నవి. రెండో మ్యాచ్‌లో ముళ్ళపంది తొలిసారి బంతిని గట్టిగా పట్టుకోగలిగింది. ఆ సంతోషంలో గుండెలకు హత్తుకుంది. అప్పటికి కాలేజీకి ఉన్నది ఆ ఒక్క బంతే. మూడో మ్యాచ్‌కు వెళ్ళనేలేదు. ఆ రోజు కాలేజీలో నిశ్శబ్ద దినోత్సవం. ప్రిన్సిపాల్ గారు నిశ్శబ్దం గొప్పతనం గురించి రెండున్నర గంటలు మాట్లాడారు.

నాలుగోదీ పోయింది. ఆ సాయంత్రం కుర్చీలు సర్దుతూ నాగరత్నం ఏడ్చేసింది. దాచుకోలేదు.

"ఊరుకో చెల్లీ" అన్నాడు కూర్మారావు. "ఎనిమిదేళ్ళుగా చూస్తున్నా. ఓడిపోవడం కూడా అలవాటైపోతుంది."

"నాకు కాలేదన్నయ్యా. మూడేళ్ళైనా కాలేదు. బంతి లేదు, సాధనకు టైము లేదు. పొద్దస్తమానం ఈ పాడు కుర్చీలే!"

అంటూనే చేతిలోని కుర్చీని విసురుగా పక్కకు తోసింది. ఉడుత అటు తిరిగే ఉంది, అయినా అందుకుంది. ఉడుత నుంచి కప్పకు, కప్ప నుంచి ముళ్ళపందికి, అక్కణ్ణుంచి గోడ పక్కనున్న కూర్మారావుకు. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. కుర్చీ కింద పడలేదు.

నాగరత్నం కళ్ళు తుడుచుకుంది. "ఇంకోసారి చేయండర్రా" అంది.

చేశారు.

"రేపటి నుంచి బంతిని బంతి అనుకోకండి. కుర్చీ అనుకోండి" అంది నాగరత్నం.

పక్కనే ఒంటికాలి మీద ఉన్న కొంగ సారు ఒక కన్ను తెరిచారు. మళ్ళీ మూసుకున్నారు. మర్నాడు ఎక్కడి నుంచో ఒక పాత బంతి పట్టుకొచ్చారు. ఎక్కడిదని అడిగితే ధ్యానంలోకి వెళ్ళిపోయారు.

ఐదో మ్యాచ్ ఆరు పాయింట్ల తేడాతోనే పోయింది.

ఈ వార్త విని భల్లూకేశ్వరరావు గారికి ఆ రోజు భోజనం సయించలేదు. ఎందుకంటే అప్పటికే కోర్టులో పునాదుల కోసం సున్నంతో గీతలు గీయించేశారు. వేదిక ఎక్కడికి వస్తుందో, మెట్లు ఎక్కడికి వస్తాయో అన్నీ తెల్లగా కనిపిస్తున్నాయి. మిగిలింది ఒకే మ్యాచ్. ఇక్కడే, కొండమీది కాలేజీతో. వాళ్ళ జట్టులో నలుగురు చిరుతలు, ఐదోవాడు చైర్మన్ గారి మేనల్లుడు. టీసీ తీసుకుని వెళ్ళిన ఒంటెకు అక్కడ నీళ్ళ సీసాలు అందించే పని దొరికింది. అంత గట్టి జట్టు. అయినా ఎందుకైనా మంచిదని ప్రిన్సిపాల్ గారు ఇంకో జాగ్రత్త తీసుకున్నారు.

మ్యాచ్‌కు ముందు ప్రారంభోత్సవ సభ పెట్టారు. అదీ మిట్టమధ్యాహ్నం, ఎండలో. కోర్టు ఖాళీగా ఉండాలి కాబట్టి వేదిక ఈసారి పక్కకు జరిగింది. కుర్చీలు పొద్దున్నే జట్టు చేతే వేయించారు. ఇక వాళ్ళకు ఒళ్ళు వేడెక్కించుకునే టైము కూడా మిగల్లేదు.

"రెండు జట్లూ వేదిక ముందు వరుసగా నిలబడాలి. క్రమశిక్షణ ముఖ్యం" అని మైకులో చెప్పి, ప్రిన్సిపాల్ గారు ప్రసంగం మొదలుపెట్టారు. అడవి పుట్టుక దగ్గర నుంచి మొదలుపెట్టారు. ఆయన తర్వాత చైర్మన్ గారు, తన చిన్నతనంలో తను ఆడని ఆటలన్నిటి గురించీ చెప్పారు.

రెండు గంటలు గడిచాయి. చిరుతలకు పరిగెత్తడం తెలుసు, నిలబడటం తెలియదు. మొదటి అరగంటకే తోకలు వాలాయి. గంటకు నాలుకలు బయటికొచ్చాయి. రెండో గంటలో ఒక చిరుత పక్కనున్న నాగరత్నాన్ని గుసగుసగా అడిగింది: "ఇంకా ఎంతసేపక్కా?"

"ఇప్పుడే కదమ్మా ఉపోద్ఘాతం అయింది" అంది నాగరత్నం జాలిగా.

మన జట్టు మాత్రం చల్లగా ఉంది. ఏడాది పొడవునా చేసిన పనే కదా. కప్ప కళ్ళు తెరుచుకునే నిద్రపోతోంది. ముళ్ళపంది సరిగ్గా చప్పట్లు కొట్టాల్సిన చోట మేలుకుని కొట్టి, నిలబడే మళ్ళీ కునుకు తీస్తోంది. కూర్మారావైతే తల లోపలికి లాక్కుని హాయిగా ఇంట్లో ఉన్నాడు.

విజిల్ పడింది. చిరుతలు పరిగెత్తబోయి ఆయాసపడ్డాయి. బంతి ముంగిస నుంచి ఉడుతకు, ఉడుత నుంచి కప్పకు, ఎవరూ ఎవరి వైపూ చూడకుండా చేతులు మారింది. కూర్మారావు మొదట్లోనే అవతలి రింగు వైపు బయల్దేరి, రెండో సగానికి అక్కడికి చేరాడు. చేరాక మాత్రం కొండలా అడ్డం కూర్చున్నాడు. చిరుతలు రెండుసార్లు తట్టుకుని పడ్డాయి.

అయినా మేనల్లుడున్నాడు. మెడ చాపితే చాలు, బంతి రింగు దాకా రావడమే లేదు. చివరి నిమిషానికి కొండమీది కాలేజీ నలభై ఒకటి, మన కాలేజీ నలభై.

బంతి నాగరత్నం చేతికొచ్చింది. ఎదురుగా వాలిన స్తంభం. దాని ముందు మేనల్లుడు, ఎత్తిన మెడతో గోపురంలా. రింగు కనిపించడం లేదు. నాగరత్నం కాళ్ళ కింద చూసుకుంది. పునాది కోసం గీసిన సున్నం గీత, సరిగ్గా వేదిక అంచు. ఏడాదంతా తను నిలబడి దండలు విసిరిన చోటు. ఈ గీత మీద రేపు స్తంభం లేస్తే, ఇక జన్మలో తలెత్తి చూడటానికి పైన ఏమీ ఉండదు.

"మోకాళ్ళు!" అని అరిచారు కొంగ సారు. ఆయన రెండు కాళ్ళ మీద నిలబడటం అందరూ అదే మొదటిసారి చూడటం.

నాగరత్నం మోకాళ్ళు వంచింది. చూపు పైన పెట్టింది. విసిరింది.

ఆ చోటు నుంచి, ఆ చేతి మీదుగా, ఆ తీరున ఏదో గాల్లోకి లేవడం మేనల్లుడు చూశాడు. ఏ ఆలోచనా లేకుండా, వినయంగా మెడ వంచాడు. కోతి వైపు తిరిగి నవ్వాడు. వేదిక మీద చైర్మన్ గారు కూడా మెడ వంచి నవ్వారు.

బంతి కొమ్ముల మీదుగా వెళ్ళి రింగులోంచి దిగింది.

కోతి ఫోటో తీసింది. ఆ ఫోటోలో మేనల్లుడి నవ్వు చాలా బాగా వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఎగిరి గంతేసినవాళ్ళలో కూర్మారావు కూడా ఉన్నాడని ఉడుత ఒట్టు పెట్టి చెబుతుంది. నాగరత్నం మాత్రం గంతులేయలేదు. సున్నం గీత మీద కూర్చుని, దాన్ని తోకతో నెమ్మదిగా తుడిచేసింది.

ప్రిన్సిపాల్ గారు రెండు క్షణాలు కొయ్యబారిపోయారు. ఇంతలో చైర్మన్ గారు మైకు అందుకుని, "ఇదంతా భల్లూకేశ్వరరావు గారి శిక్షణ ఫలితం" అన్నారు. ప్రిన్సిపాల్ గారు వెంటనే తేరుకున్నారు. "అవును, మరి! ఈ సభలన్నీ ఎందుకు పెట్టాననుకున్నారు?" అని, మర్నాడే జట్టుకు ఘనసన్మానం ప్రకటించారు.

మర్నాడు జట్టు వేదిక మీద కూర్చుంది. ఎదురుగా కోర్టు అంతా ఖాళీ. కుర్చీలు వేసేవాళ్ళందరూ వేదిక మీదే ఉన్నారు కదా. అతిథులు వచ్చేస్తున్నారు. చేసేది లేక ప్రిన్సిపాల్ గారే శాలువా నడుముకు బిగించి నాలుగు వందల కుర్చీలూ మోశారు. ఆయాసంతోనే దండ పట్టుకుని, వేదిక మెట్లు ఎక్కే ఓపిక లేక కింది నుంచే నాగరత్నం మెడలోకి విసిరారు. అది వెళ్ళి మైకు మీద పడింది. రెండోది కొంగ సారు ముక్కు మీద పడింది.

నాగరత్నం ఎంతో మర్యాదగా ముందుకు వంగింది.

"మోకాళ్ళు వంచండి సార్" అంది. "చూపు పైన పెట్టండి."

నీతి: సాధన చేస్తే గెలుస్తారో లేదో చెప్పలేం గానీ, ఎదుటివాడికి సన్మానాల అలవాటు ఉంటే మాత్రం గెలుపు మీదే.