గ్రంథాలయం వెనక లద్దికుప్ప

ఆ పొద్దున గ్రంథపాలకురాలి పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు తనిఖీ అధికారి వస్తాడు. ఆయన్ని కిటికీకి దూరంగా, చలి కాస్త తక్కువగా ఉండే కుర్చీలో కూర్చోబెట్టాలి. వేడివేడి టీ ఇవ్వాలి. ఆయన రిజిస్టరు అడిగేలోపే తాను రాసిన నాలుగు పేజీల నివేదిక చేతిలో పెట్టాలి. అది చదివి ఆయన మనసు కరిగితే సరే. కరగకపోతే, పందొమ్మిదేళ్లుగా తాను తాళం తీస్తున్న ఈ శాఖకు నెలాఖరున ఆఖరి తాళం కూడా తానే వేయాలి.

రిజిస్టరు చూపించుకునేలా లేదు మరి. రోజుకు ఇరవై పుస్తకాలైనా బయటికి వెళ్లని శాఖలు దండగ అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇక్కడ పోయిన నెలంతా కలిపి వెళ్లినవి పదకొండు. అందులో ఏడు ఆమె మామగారే పట్టుకెళ్లారు. చదివే గదిలో హీటరు చచ్చి రెండు చలికాలాలైంది. పేజీ తిప్పాలంటే చేతికున్న ఉన్ని తొడుగు తీయాలి, తీస్తే వేళ్లు కదలవు. పాఠకులు ఈ గొడవంతా ఎందుకని రావడమే మానేశారు.

నివేదికలో ఆమె ముచ్చటపడి రాసుకున్న వాక్యం ఒకటుంది: "మా శాఖ విజ్ఞానానికి హాట్‌బెడ్." మామగారు నలభై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. మూడు వారాల కిందట ఆయన కన్ను సరిగ్గా ఆ మాట మీదే పడింది.

"అమ్మాయ్, నువ్వెప్పుడైనా హాట్‌బెడ్ చూశావా?"

"చూడ్డమేంటి మామయ్యగారూ? ఏదైనా జోరుగా పెరిగే చోటుని అలా అంటారు. పేపర్లో రోజూ రాస్తూనే ఉంటారుగా."

"వాళ్లు మాత్రం చూశారా? అది తోటమాలి మాట. కంటితో చూడని వస్తువు అచ్చులోకి ఎక్కకూడదు."

"మీకో దండం. కామాలు సరిగ్గా ఉన్నాయేమో చూడండి, చాలు."

కామాలు చూశారు. ఆ తర్వాత చివరి అరలోంచి, ముప్పై ఒక్క ఏళ్లుగా ఎవరూ ముట్టని ఇంగ్లీషు తోటపని పుస్తకం తీశారు. సంతకం పెట్టే తీసుకెళ్లారు, లేకపోతే కోడలు మామగారని కూడా చూడదు. తాజా గుర్రపు లద్దిని ఎండ తగిలే గోడకు ఆనించి నాలుగడుగుల ఎత్తున పేర్చాలని, దానిమీద మట్టి పరిచి విత్తనాలు చల్లి గాజు పలకలు కప్పాలని అందులో ఉంది. ఊరి చివర గుర్రపు స్వారీ నేర్పేవాళ్లని ఆయన రెండు బండ్ల లద్ది అడిగారు. ఎవరు అడుగుతారా అని వాళ్లు ఏళ్లుగా కాచుకుని ఉన్నారు కాబోలు, లారీ నింపి పంపారు. వచ్చిందంతా ఆయన చదివే గది వెనక గోడ పొడవునా పేర్చారు. మట్టి పరిచి ఆకుకూర విత్తనాలు చల్లి, పాత కిటికీల గాజు పలకలు పన్నెండు తెచ్చి కప్పారు. "మొక్కలకు ఎరువమ్మా" అంటే, నివేదికలో మునిగి ఉన్న కోడలు సరేనని తలూపింది.

పదిహేనో రోజు పొద్దున పలకలు ఎత్తి ఆవిరి పోనివ్వాలని పుస్తకంలో ఉంది. పదిహేనో రోజు ఇదే. పదిన్నరకు మామగారు పన్నెండు పలకలూ వరసగా ఎత్తేశారు. ఆ చలిలో తెల్లటి ఆవిరి గుప్పున లేచి గ్రంథాలయం కప్పు మీదుగా వీధిలోకి దిగింది.

ఎదురు దుకాణంలో దర్జీ కుట్టుమిషను మీంచి తలెత్తాడు. "లైబ్రరీ అంటుకుంది!" అని గావుకేక పెట్టి, అగ్నిమాపక దళానికి ఫోను చేసి, మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు.

గ్రంథపాలకురాలు వెనక గోడ మీద చెయ్యి వేసింది. గోడ వేడిగా ఉంది! పొద్దుట్నించీ గది వెచ్చగా ఉంటే తన కంగారు వల్లనే అనుకుందామె. దర్జీ అరిచింది నిజమేనన్నమాట!

"పుస్తకాలు మోసేద్దాం అక్కా! మా ఇళ్లలో పెట్టుకుంటాం!" అన్నాడు దర్జీ.

"మోయండి బాబూ, మోయండి! కానీ పేరు, సంతకం లేకుండా ఒక్కటి కూడా గడప దాటదు!"

"అక్కా, కాలిపోతున్నాయి!"

"అయితే గబగబా రాయించుకోండి! మనిషికి నాలుగే. సభ్యులు కానివాళ్లు ఫారం నింపండి!"

పందొమ్మిదేళ్ల అలవాటు నిప్పుకి జడుస్తుందా? ఆమె గడపకి అడ్డంగా బల్ల లాక్కుని, కళ్లలో నీళ్లు తుడుచుకుంటూనే రాస్తోంది. మనిషికి నాలుగే అనేసరికి దర్జీ వెళ్లి భార్యని, ఇద్దరు మరదళ్లని తీసుకొచ్చాడు. వాళ్లు పక్కింటివాళ్లని పిలిచారు. మంగలి వచ్చాడు, అతని వెనకే సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి వచ్చాడు. వరస వీధి మలుపు దాటింది.

పదకొండుకు ఒక కొత్త మనిషి సంచీతో వచ్చి, ఇదేంటా అని గుమ్మంలో నిలబడ్డాడు. "అలా చూస్తారేంటి సార్, పట్టుకోండి!" అని దర్జీ ఆయన చేతుల్లో నాలుగు పుస్తకాలు కుక్కి బల్ల ముందుకి తోశాడు.

"పేరు?" అంది గ్రంథపాలకురాలు తలెత్తకుండానే. ఆయన చెప్పాడు. రాసుకుని సంతకం పెట్టించుకుంది.

"ఏం పని చేస్తారు?"

"గ్రంథాలయాల తనిఖీ అధికారినండి."

కలం ఆగిపోయింది.

ఆ సమయానికి వెనక పెరట్లో మామగారు రెండు చేతులూ చాపి మొలకలకు అడ్డంగా నిలబడ్డారు. ఎదురుగా అగ్నిమాపక దళం నాయకుడు గొట్టం పట్టుకుని ఉన్నాడు.

"నిప్పు కాదు నాయనా, ఆవిరి! లద్ది కుళ్లేటప్పుడు పుట్టే వేడి. ఆ వేడికి చలికాలంలో కూడా విత్తనం ఊరికే మొలుస్తుంది. ఇంగ్లీషు తోటమాలులు దీన్నే హాట్‌బెడ్ అన్నారు. ఏదైనా ఇలా దండిగా, తొందరగా పుట్టుకొచ్చే చోటుకి తర్వాత జనం ఈ పేరే పెట్టుకున్నారు. చెడ్డవి పెరిగే చోటుకీ అదే పేరు, మంచివి పెరిగే చోటుకీ అదే. నీళ్లు కొట్టకు, చచ్చిపోతాయి!"

నాయకుడు గొట్టం దించి కుప్పలోకి చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత ఆ చేతిని ఒంటికి దూరంగా పట్టుకుని ముందువైపుకి వచ్చాడు. "నిప్పు లేదమ్మా. లద్ది ఉంది. ఆకుకూర బాగా మొలిచింది," అన్నాడు.

గ్రంథపాలకురాలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పైన్నుంచి ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి ఆపుకున్న ఏడుపే వచ్చింది. "సార్, మీకు అబద్ధం చెప్పలేను. వీళ్లెవరూ చదువుకోడానికి రాలేదు. నిప్పంటుకుందని వచ్చారు," అంది.

అధికారి రిజిస్టరు తిరగేశాడు. ముప్పావుగంటలో మూడు వందల పద్దెనిమిది పుస్తకాలు వెళ్లాయి. ఎనభై మూడు మంది కొత్తగా చేరారు. ప్రతి వరసలో సంతకం ఉంది, ఆఖరి వరసలో తనది కూడా ఉంది. ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించాడు.

"ఎన్ని వెళ్లాయని అడిగే గడి ఉందమ్మా నా ఫారంలో. ఎందుకు వెళ్లాయని అడిగే గడి లేదు. అయితే ఒక్క రోజు లెక్క చాలదు. పదిహేను రోజుల తర్వాత మళ్లీ వస్తా. ఈ నాలుగూ తిరిగివ్వాలి కదా."

పదిహేను రోజుల తర్వాత ఆయన వచ్చేసరికి చదివే గదిలో కుర్చీ ఖాళీ లేదు. పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చినవాళ్లు గది వెచ్చగా ఉందని కాసేపు కూర్చున్నారు, కూర్చున్నవాళ్లు ఊరుకోలేక ఇంకోటి తెరిచారు. దర్జీ మాత్రం మంగలితో పోట్లాటకు దిగి ఉన్నాడు. "మొదటి భాగం నాకిచ్చి రెండోది నువ్వు దాచుకుంటే నేనెలా నిద్రపోవాలయ్యా?"

అధికారి రాసిన నివేదికలో ఈ శాఖను ఎత్తేయడం తగదని ఉంది. హాట్‌బెడ్ అనే మాట కూడా ఉంది. పంపేముందు దాన్ని మామగారికి చూపించాడు. ఆయన ఎర్ర కలం మూత తీసి, రెండుసార్లు చదివి, ఈ మాటకి ఇప్పుడు అభ్యంతరం లేదని మూత పెట్టేశారు. కోడలు ఆయనకి దగ్గరుండి టీ కలిపి ఇచ్చింది. చివర్లో కావలసిన సామగ్రి అన్నచోట అధికారి కొత్త హీటరు ఒకటి అని రాశాడు.

హీటరు ఇంకా రాలేదు. లద్ది మాత్రం నెలనెలా వేళకు వస్తోంది.