ముకుందం కట్టిన మోపు

హైదరాబాదు పక్కన సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేచాక మొయినాబాద్‌లో మగవాళ్లంతా ఒక్క చేనును పది ప్లాట్లుగా ముక్కలు చేసే పనిలో పడ్డారు. స్టీలు సామాన్ల ముకుందం సేటు ఒక్కడే పది ముక్కలను ఒకటి చేసే పనిలో పడ్డాడు.

ఇదంతా జన్వాడ ఫాంహౌస్ నాగేందర్ వల్ల వచ్చింది. ఆయనకు ఒక కంపెనీ ఉంది, పళ్లెమంత కుండీల్లో మరుగుజ్జు చెట్లు పెంచే పిచ్చీ ఉంది. ఒకరోజు ముకుందం చేతిలో గుప్పెడు ఎల్మ్ కొమ్మలు పెట్టాడు. ఎల్మ్ అంటే మన నెమలినారకు దూరపు చుట్టం.

"ఇసుకల నాటి వేర్లు రానియ్యి సేట్. తర్వాత అన్నిటిని కలిపి గట్టిగ కట్టు. ఒకదాన్నొకటి ఒత్తుకుంట ఒకటే మొద్దయితది. రెండేండ్లకు అతుక్కుంటే బోన్సాయ్ షోల నీ పేరు మీదనే పెడ్త."

పేరు! దుకాణం బోర్డు మీద కూడా తండ్రి పేరే ఉన్న ముకుందానికి ఆ పూట అన్నం సయించలేదు.

వేర్లు వచ్చాయి. కట్టేశాడు.

"ఏమండీ, నా లంగాల నాడాలు ఎటు పోయినయ్?" అని కేకేసింది సుమిత్రమ్మ.

"చెట్టుకు కట్టిన."

"మరి నేనేం కట్టుకోవాలె?"

"సుతిలి తాడు ఉన్నది కద."

ఆమె చూసిన చూపుకు సాయంత్రానికల్లా కొత్త నాడాలు ఇంటికొచ్చాయి.

కట్టడం తేలికే. కట్టి ఊరుకోవడమే ముకుందం వల్ల కాలేదు. లోపల ఏమవుతోందో ఏమో! పొద్దున టీ తాగి విప్పి చూసేవాడు. దుకాణం మూసి వచ్చి విప్పి చూసేవాడు. అన్నం మధ్యలో చెయ్యి కడుక్కుని మరీ వెళ్లేవాడు.

"తోడేసిన పాలను గడియకోసారి కలియబెడితే పెరుగైతదా?"

"నేను కలుపుతలేను. జర చూస్తున్న, అంతే."

"మీరు చూస్తున్నరని అవి సిగ్గుపడ్తున్నయేమో."

ఇక చెయ్యి పెట్టనని ఆమె నెత్తి మీద ఒట్టేశాడు. మర్నాడు పటకారుతో విప్పాడు.

ఆ తర్వాత సుమిత్రమ్మ ఒక్క మాటా అనలేదు. ఆమె ఊరుకుందంటే అనుమానించాలని ఇన్నేళ్ల కాపురంలోనూ ముకుందానికి తెలిసిరాలేదు. భూతద్దం కొన్నాడు. గిన్నెలకొచ్చిన వాళ్లకు ముందు చెట్టు సంగతి చెప్పి, తర్వాతే గిన్నె చూపించేవాడు.

"అతుక్కుంటున్నయ్ సార్! సన్నగ బంక కనిపిస్తున్నది" అని నాగేందర్‌కు సెల్‌ఫోన్ చేశాడు. ఆ బంక ముకుందం వేళ్లకున్న బెల్లం.

గడువు నిండింది. నాగేందర్ వస్తున్నాడని ముకుందం వాకిట్లో కుర్చీలు వేయించి, పక్క దుకాణాల వాళ్లనందరినీ పిలిచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరి ముందూ నాడా లాగాడు.

కొమ్మలన్నీ పాత చీపురులా విచ్చుకుని కుండీ చుట్టూ వాలిపోయాయి.

నాగేందర్ ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూశాడు. "సేట్, ఇది ఎల్మ్ కాదు. గోరింట."

"గోరింటనా? నాకు గోరింట కొమ్మలిచ్చి నలుగుర్ల ఆగం చేసిన్రా సార్!" అన్నాడు ముకుందం. కిరాణా శివయ్య తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"సార్‌ను అనకుండ్రి." సుమిత్రమ్మ ఇంటి వెనక నుంచి ఇంకో కుండీ మోసుకొచ్చింది. "మీరు పటకారు పట్టినంక, సరుకుకు పట్నం పోయిన రోజు నేనే మార్చిన. కంచె కింది గోరింట మొక్కలు పీకి మీకు కట్టిపెట్టిన. అసలువి బాత్రూం వెనక దాచిన."

"ఇన్ని రోజులు ఆకులు చూసి గుర్తుపట్టలేదా సేట్?"

ముకుందానికి తెలిసిన ఆకు తమలపాకు ఒక్కటే.

నాగేందర్ రెండో కుండీ నాడా విప్పుతుంటే ముకుందం అవమానం మరిచి మెడ చాచాడు. కింద ఒకటే మొద్దు. ఏ కొమ్మ ఎక్కడ మొదలైందో ఎంత వెతికినా దొరకలేదు.

"అబ్బ! నిజంగనే అతుక్కున్నయే!" ముకుందం కళ్లు చెమర్చాయి.

నాగేందర్ జేబులోంచి అట్టముక్క, పెన్ను తీశాడు. "షోల ఎవరి పేరు రాయాలె?"

ముకుందం నోరు తెరిచాడు. సుమిత్రమ్మ వైపు చూశాడు. "ఆమెదే రాయుండ్రి సార్" అన్నాడు నేల చూస్తూ.

సుమిత్రమ్మకు జాలేసింది. "కింద ఆయన పేరు కూడ రాయుండ్రి."

ముకుందం ముఖం వెలిగింది.

"ఆయనేం చేసిండని రాయాలె వదినమ్మా?"

"దీన్ని ముట్టుకోలేదని."