వరహాలు గారి తొంభై ఆరు

దుర్గకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. మామగారు చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని ఆడిస్తుండగా ఆయన ఊపిరి ఆగిపోతుందేమోనని. మామగారు వరహాలు ముప్పై ఏళ్లు ఓడల్లోంచి బొగ్గు దించాడు. అందులో కొంత ఇంకా ఆయన ఛాతీలోనే ఉంది.

"రక్తంలో సీఆర్పీ చూస్తే, లోపల వాపు రాజుకుంటోందో లేదో తెలిసిపోతుంది" అని డాక్టరు చీటీ రాశాడు. ఆ పొద్దున బిడ్డకు టీకా ఉంది. అందుకని దుర్గ మామగారి చేతిలో చీటీ పెట్టి, గాజువాకలో ల్యాబుకు ఆయన్ని ఒక్కడినే పంపింది. గంటలో తిరిగొచ్చి రెండోసారి టిఫిను అడిగాడు.

మధ్యాహ్నం రిపోర్టు ఫోనుకొచ్చింది. ఐదు లోపు ఉండాల్సింది తొంభై ఆరు! తొమ్మిదో తరగతితో బడి మానేసిన దుర్గకైనా ఆపాటి లెక్క తెలుసు. డాక్టరుకు ఫోన్ చేస్తే వెంటనే ఆస్పత్రిలో చేర్చమన్నాడు. 108కి చెప్పింది. ఆడపడుచు నూకాలుకీ చెప్పింది. అంబులెన్సు కంటే ముందు నూకాలే పరవాడ నుంచి షేర్ ఆటో నిండా చుట్టాలతో దిగింది.

"ఓలమ్మో, మా నాన్న!" అని గుమ్మంలోనే అందుకుంది.

నాన్న ఎదురుగానే కూర్చుని చేప ముక్కలో ముల్లు తీస్తున్నాడు.

"అది కాదే, నాను సెప్పేదేటంటే..."

"మాటాడకండి మావయ్యా! ఊపిరి అయిపోద్ది!" దుర్గ కంచం లాగేసింది.

"ఆ రగతం..."

"రగతమే పాడైపోనాది నాన్నా, పడుకో!" నూకాలు ఆయన్ని మంచానికి అదిమి, ఛాతీ నిండా కర్పూరం నూనె రాసింది. ఆ ఘాటుకు ఆయన నిజంగానే దగ్గాడు. చుట్టాలందరూ ఏడుపందుకున్నారు.

అంబులెన్సు నర్సమ్మ ఆయన వేలికి క్లిప్పు పెట్టి చూసింది. "ఆక్సిజన్ తొంభై నాలుగుంది, పర్లేదు. మీ అందరికంటే ఈయనే నిమ్మళంగా ఊపిరి తీస్తన్నాడు."

ఇప్పటికి వరహాలుకు సందు దొరికింది.

"ఆ రగతం నాది కాదర్రా. సూదంటే నాకు బయిం. నా పేరు మీద అప్పలసూరిని పంపినాను. బొగ్గు గ్యాంగులో మా ఇద్దరికీ అంతే గదేటి? నాను రాపోతే ఆడు, ఆడు రాపోతే నాను."

నూకాలు తండ్రి మీదికి చెయ్యెత్తింది. దుర్గ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండు వదినా. అయితే ఆ తొంభై ఆరు అప్పలసూరి బాబాయిదా?"

అంబులెన్సు వరహాలును ఎక్కించుకుని రెండు సందుల అవతలికి పరిగెత్తింది. ఒంటిగాడు అప్పలసూరి దుప్పటి ముసుగులో ఎగరొప్పుతున్నాడు. స్ట్రెచర్ చూసి, "ఇదీ నీ బదులేనేటి బావా?" అన్నాడు.

"ఇది నీదేరా, ఎక్కు." వరహాలు దుప్పటి లాగి అతని చంకల కింద చేతులేశాడు. "జొరమని సెప్పనేదేటిరా?"

"నువ్వడగనేదు గదా."

ఆస్పత్రిలో న్యుమోనియా అన్నారు. ఇంకో రోజు ఆగి ఉంటే దక్కేవాడు కాదన్నారు.

కాబట్టి మీ ఇంట్లో పెద్దాయన రిపోర్టు బాగోలేదని వస్తే, మంచం చుట్టూ చేరి ఏడవడం కాసేపు ఆపి, ఆయన స్నేహితుడు ఎలా ఉన్నాడో ఒకసారి వెళ్లి చూసి రండి.